రెండేళ్లు ఆగిన పొట్టేలు

ఏడెనిమిదేళ్లుగా నేనొక పొట్టేలును మోస్తున్నాను. పొట్టేలు ఎంత బరువుంటుందో వీపు మీద చెయ్యి పెట్టి చెప్పగలను, కిలో అటూ ఇటూగా. నా బతుకుదెరువే అది. దీని బరువు మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కొన్ని రోజులు ఉందన్న సంగతే తెలియదు. కొన్ని రోజులు కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగనివ్వదు. నా భార్య మెంతులు నానబెట్టి ఇస్తుంది. గ్యాస్ అనుకుంటుంది పాపం.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. నా పేరు మీకు అక్కర్లేదు. చెప్పినా పెద్దగా పనికొచ్చే పేరు కాదు.

మాది మోత్కూరు దిక్కు. ఆదివారం చర్చికి పోయే ఇల్లు. తాత ఒక దొర ఇంట్లో పశువులు కాశాడు, బాపు కూడా కాశాడు, నేను పశువుల డాక్టర్‌నయ్యాను. ఉద్యోగం వచ్చిన రోజు మా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "తాత గొడ్ల ఎనకనే, నాయిన గొడ్ల ఎనకనే, మనుమడు గంత సదువు సదివి మల్ల గొడ్ల ఎనకనేనా" అంది. ఆమె మాట సగమే నిజమైంది. నేను గొడ్ల వెనక కూడా ఎక్కువ కాలం లేను, లెక్కల వెనక పడ్డాను.

గాలికుంటు మీకు తెలిసే ఉంటుంది. నోట్లో పుండ్లు, గిట్టల సందుల్లో పుండ్లు, చొంగ, కుంటడం. గొర్రెలకైతే తేలికగానే వచ్చి పోతుంది. పోయిందనే అందరం అనుకుంటాం. కానీ కొన్ని జీవాల్లో ఆ వైరస్ పోదు. గొంతు వెనక ఒక మూల నెలల తరబడి ఉండిపోతుంది. జీవం మేస్తుంది, నెమరేస్తుంది, ఉరుకుతుంది. పైకి ఏమీ కనపడదు. అలా ఎంతకాలం ఉంటుంది? వందలో ఎన్నింటికి ఎన్ని నెలలకు వదులుతుంది? దానికి ఒక గీత గీయడం నా పని. కాగితం మీద ఎత్తున మొదలై, నెలనెలా కిందికి జారే గీత. అది సరిగ్గా వస్తే, వ్యాధి వచ్చి పోయిన మందను ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలో అంచనా వేయవచ్చు. మంచి పనే. చెడ్డ పనిలో ఉన్నవాడు తన అబద్ధాన్ని అబద్ధమనే అనుకుంటాడు. మంచి పనిలో ఉన్నవాడికి ఆ ఇబ్బంది కూడా ఉండదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గీతకు కావలసింది నెలనెలా నమూనాలు. చివర చిన్న గిన్నె ఉన్న ఉక్కుతీగను జీవం గొంతులోకి దింపి, గోకి, వచ్చిన జిగురును ఐసు డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపాలి. తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లలో నాకు 'గొంతు గోకే సారు' అని పేరు పడింది. నా బండి చప్పుడు వినగానే పిల్లలు గొంతులు రెండు చేతులతో మూసుకుని ఇళ్లలోకి ఉరికేవాళ్లు. డిగ్రీలు చాలా ఉన్నాయి గానీ, ఇంత గౌరవం ఏ డిగ్రీ ఇవ్వలేదు.

ఇబ్బంది ఒకటే. గొర్రె నిలవదు. మే నెలలో గోకిన గొర్రె జూన్‌లో ఎవరి దావతులోనో ఉడికిపోతుంది. ఏ సంతకో తోలుకుపోతారు. దాని గొంతులో వైరస్ ఇంకెన్నాళ్లు ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదు. మా లెక్కల్లో దీన్ని సెన్సార్ కావడం అంటారు. సినిమాలకే కాదు, గొర్రెలకూ సెన్సారుంది. నా మందలో సగానికి సగం ఇట్లా కత్తెర పాలైపోతుంటే ఏం గీత గీస్తాను?

అప్పుడు నాకు మొక్కు పొట్టేళ్లు కనిపించాయి.

గొల్లవాళ్ల మందల్లో అక్కడక్కడ ఒక పొట్టేలు ఉంటుంది. దాన్ని అమ్మరు. ఎంత ఇస్తానన్నా ఇవ్వరు. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చినప్పుడు దేవునికి చెప్పిన జీవం అది. చెప్పిన రోజు దాని మీద పసుపు నీళ్లు చల్లుతారు. ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. ఆనాటి నుంచి జాతర దాకా అది ఆ ఇంటిది కాదు. దాని బదులు ఇంకోటి ఇవ్వడానికి లేదు. చెప్పిన చోట కాక వేరేచోట ఇవ్వడానికీ లేదు. జాతరేమో రెండేళ్లకోసారి, మాఘంలో, గట్టు మీది గుడి దగ్గర.

అమ్మని జీవం! రెండేళ్ల దాకా ఎటూ పోని జీవం! ఆ రోజు బండి మీద ఇంటికి వస్తూ ఈల వేశాను. నాలుగు ఊళ్లలో తిరిగి, ఆ ఏడు వానాకాలం మొదట్లో గాలికుంటు తగిలి తేరుకున్న మొక్కు పొట్టేళ్లను పది దాకా పట్టుకున్నాను. భక్తిని పరిశోధనకు వాడుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణని మా ఆఫీసులో చెప్పుకుని నవ్వాను కూడా.

వాటిలో ఒకటి కొమురయ్యది. ఊరి పేరు చెప్పను. అరవై దాటిన మనిషి, ఎండలో కూడా భుజం మీద గొంగడి. ఆయన భార్య లచ్చమ్మ. అంతకు ఏడాది ముందు కొమురయ్య మంద మేపుతుంటే పాము కరిచింది. నల్లగొండ దవాఖానలో మూడు రోజులు తెలివి లేకుండా ఉన్నాడు. ఆ మూడో రోజు లచ్చమ్మ, ఆయన ఇంటికి తిరిగొస్తే గట్టు మీద చౌడమ్మ తల్లికి పొట్టేలునిస్తానని మొక్కింది. ఆయన వచ్చాడు. అప్పటికి పాలు తాగుతున్న పొట్టేలు పిల్లను ఒకదాన్ని చూపించి, పసుపు నీళ్లు చల్లింది. దానికి వేరే పేరు పెట్టలేదు, 'దేవునోడు' అనేది అంతే. "దేవునోనికి మేతేసినవా?" "దేవునోడు గోడ దుంకిండు సూడు." దేవునోడికి లచ్చమ్మ చేతి జొన్న రొట్టె ఇష్టం. ఇంటి మనుషులకు ఒకటి తక్కువైనా దానికి తప్పేది కాదు.

కొమురయ్య నన్ను సారూ అనేవాడు. లచ్చమ్మ బిడ్డా అనేది.

నెలలు గడిచాయి. ఒక్కొక్క పొట్టేలు గొంతు శుభ్రపడుతూ వచ్చింది. దసరా నాటికి సగం. దీపావళి తర్వాత రెండే మిగిలాయి. పుష్యం వచ్చేసరికి కొమురయ్య దేవునోడు ఒక్కడే. ల్యాబు నుంచి ఆ కాగితం వచ్చినప్పుడల్లా నాకు పండుగే. ఇంకా ఉంది, ఇంకా ఉంది. గీత చివరి కొస మొత్తం ఆ ఒక్క జీవం మీద వేలాడుతోంది. గొర్రెల్లో ఇన్నాళ్లు ఉండడం అరుదు. ఇంకో మూడు నెలలు గోకగలిగితే, ఇది ఎప్పుడు వదిలిందో ఖాయంగా చెప్పవచ్చు. అందరూ మాట్లాడుకునే గీత అవుతుంది.

మాఘమేమో ఇరవై రోజుల్లో ఉంది.

ఆ పొద్దు దొడ్డి దగ్గర జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఎండ పొద్దు. కొమురయ్య పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఉన్నాడు. నేను తీగ బయటికి తీసి గిన్నె కడుగుతున్నాను. లచ్చమ్మ రాతి బండ మీద కూర్చుని కొత్త గంపకు సున్నం బొట్లు పెడుతోంది, జాతరకు నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరగడానికి.

"సారూ, మీ గోకుడు గీ నెలతోని సరి. ఇరవై దినాలైతే దేవునోడు మీకు దొరకడు" అన్నాడు కొమురయ్య నవ్వుతూ. "మీరు గూడ రావాలె గట్టుకు. ఇన్ని నెలలు దాని గొంతు గోకిన్రు, మెడకాయ కూర మీకే."

నేను నవ్వలేదు. "తాతా, ఈసారి దీన్ని ఇయ్యకున్రి" అన్నాను.

"ఎందుకు సారూ?"

"గొంతుల పురుగు ఇంక పోలే."

"పోకుంటేంది? మంచిగ మేస్తాంది. నిన్న బర్రెను పొడిచి ఉరికిచ్చింది."

"దానికేం కాదు. తినెటోళ్లకే."

లచ్చమ్మ చెయ్యి ఆగింది. "కూర గంటసేపు ఉడుకుతది గద బిడ్డా. పురుగు సావదా?"

బడి మొహం చూడని మనిషి అడిగిన ప్రశ్న. నేను ఐదేళ్లు కాలేజీలో చదివిన సమాధానం ఒక్కటే: చస్తుంది. అసలు ఉడకకపోయినా, ఆ వైరస్ అట్లా మనుషులకు అంటుకునేది కాదు. అది చీలిన గిట్టలున్న జీవాల జబ్బు. ఈ రెండూ నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"చావదు అవ్వా" అన్నాను. "పెద్దోళ్లకు ఏం గాదు. పిల్లలకు ఎక్కుతది. నోట్ల పుండ్లు లేస్తయి. మొన్న అంగన్‌వాడిల పిల్లలకు లేసినయి, సూడలే?"

నిజమే, ఆ నెల అంగన్‌వాడీలో నలుగురు పిల్లలకు నోట్లో, అరచేతుల్లో పొక్కులు లేచాయి. అది పిల్లల జబ్బు, వేరే వైరస్. పేరు విన్నవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, గొర్రెకూ దానికీ ఏ చుట్టరికం లేదు. ఆ చుట్టరికం అప్పటికప్పుడు నేనే కలిపాను.

కొమురయ్య పొట్టేలు కొమ్ములు వదిలేశాడు. "గట్టు మీద ఊరోళ్ల పిల్లలందరు తింటరు సారూ" అన్నాడు మెల్లగా.

"అందుకే చెప్తున్న. వచ్చే జాతరకు ఇయ్యున్రి. అప్పటికి పోతది."

"వచ్చే జాతరంటే రెండేండ్లు."

నేను తీగను గుడ్డలో చుట్టాను. లచ్చమ్మ గంపను తిప్పి చూసుకుంది, ఇంకో బొట్టు పెట్టింది. తర్వాత అంది: "పిల్లల మీదికి తెచ్చే మొక్కు మొక్కే గాదు. తల్లి గూడ పిల్లలు గల్లదే గద, ఆమెకు తెల్వదా. ఆగుదాం తియ్యి." కొంచెం సేపటికి, నా దిక్కు చూస్తూ, "రెండేండ్లంటే నాకు జర పొడుగే బిడ్డా" అని నవ్వింది.

కొమురయ్య కూడా నవ్వాడు. ముసలిదాని ఎకసెక్కం అనుకున్నాడు.

నాకు మూడు నెలలు కావాలి. మూడు నెలల కోసం రెండేళ్లు అడిగాను. జాతర లెక్క అది, నా లెక్క కాదు కదా అని సర్ది చెప్పుకున్నాను. పోనీ, నిజం చెప్పే అడిగి ఉండవచ్చు కదా? 'అవ్వా, నా పనికి ఇది అవసరం, ఆగుతారా' అని? ఆలోచించాను, చాలాసార్లు. నిజం చెబితే ఆమె కాదనేది. నాకు అది తెలుసు కాబట్టే అబద్ధం ఆడాను. అంటే అడగకముందే ఆమె జవాబు నాకు తెలుసు. తెలిసిన జవాబును ఆమె నోట రానివ్వలేదు. ఇంతకన్నా దౌర్జన్యం ఏముంటుంది? మా తాతను కొట్టిన దొర కూడా ముందు ఒక మాట అడిగేవాడట.

ఇక్కడితో అయిపోయి ఉంటే కొంత నయం. ఆ రోజు గోకిన నమూనా ఫలితం జాతరకు నాలుగు రోజుల ముందు వచ్చింది. లేదు. దేవునోడి గొంతులో వైరస్ లేదు.

నా అబద్ధంలోంచే నాకు దారి దొరికింది, చూశారా. ఒక్క ఫోన్ చేసి 'తాతా, పురుగు పోయింది, పొట్టేలును తీసుకుపోండి' అంటే చాలు. అబద్ధం అబద్ధంగానే ఉండేది, వాళ్ల మొక్కు తీరేది, నా పరువూ నిలిచేది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ మా పనిలో ఒక నియమం ఉంది: ఒక్క నెల లేకపోతే లేనట్టు కాదు. వైరస్ ఒక నెల దొరక్కుండా పోయి మళ్లీ తర్వాతి నెల దొరుకుతుంది. వరసగా రెండుసార్లు లేకపోతేనే లేదని రాయాలి. మంచి నియమం, చాలామంది ఆలోచించి పెట్టిన నియమం. నేను దాని వెనక దాక్కున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని టీ తాగడానికి పోయాను.

నాలుగో రోజు నుంచి తిరుమలగిరి రోడ్డంతా ట్రాక్టర్లు, డప్పులు, ఓ లింగా ఓ లింగా అని జాతర జనం కేకలు. నేను ఎదురుగా బండి మీద పోతున్నాను. కొమురయ్య వాళ్ల ఊరి ట్రాక్టరూ పోయింది. అందులో ఆయన లేడు, ఆమె కూడా లేదు.

మాఘం గడిచాక మళ్లీ గోకాను. లేదు. ఆ తర్వాత ఇంకోసారి. లేదు. నాకు కావలసింది దొరికింది. కృతజ్ఞతగా లచ్చమ్మకు ఒక చీర తీసుకుపోయాను. ఇది కూడా రాయాలి. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, "జాతరకు కట్టుకుంట బిడ్డా" అంది.

ఇంతసేపూ ఒక సంగతి దాటేస్తూ వచ్చాను. మీరు గమనించి ఉండరు. దాటేయడంలో నాకు మంచి సాధన ఉంది.

ఆ పొట్టేలు మాట చెప్పడానికి రెండు నెలల ముందు, కార్తీకంలో, కొమురయ్య మందతో బయటికి పోయిన వేళ, లచ్చమ్మ నాకొక కవరు తెచ్చి ఇచ్చింది. హైదరాబాద్ దవాఖాన స్కానింగ్ కవరు. చెల్లెలి కొడుకుతో పోయి తీయించుకుందట, కొమురయ్యకు చెప్పకుండా. అక్కడ ఏదో చెప్పారు, సరిగ్గా అర్థం కాలేదు. "జర సదివి సెప్పు బిడ్డా" అంది. నేను గొర్రెల డాక్టర్‌ను అవ్వా అన్నాను. "గొర్లకైతేంది? నేను గూడ నోరున్న జీవాన్నే గద" అంది.

చదివాను. కడుపులో గడ్డ. కాలేయం దాకా పాకింది. డాక్టర్ చదువు కూడా అక్కర్లేదు, ఇంగ్లిషు చదవగలిగితే చాలు. పెద్ద దవాఖానకు పోవాలి, తొందరగా పోవాలి అన్నాను. ఆమె నా మొహం చూసింది, కాగితం చూడలేదు. కవరు తీసుకుని దూలం సందులో దోపింది. "తాతకు సెప్పకు" అంది. తర్వాత తనకు తానే అనుకుంటున్నట్టు, "మాగంల మొక్కొక్కటి తీరితే సాలు. నేను మొక్కింది నేనే తీర్చాలె. లేకుంటె ఆయన మీద ఉంటది" అంది.

నాకు తెలుసు. అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. ఆమెకు రెండేళ్లు లేవని ఆ ఊళ్లో ఇద్దరికే తెలుసు, ఆమెకూ నాకూ. అది తెలిసి నేను ఆమెను రెండేళ్లు ఆగమన్నాను. జొన్న రొట్టెలు తిన్నాను, బిడ్డా అనిపించుకున్నాను, ఆగమన్నాను. 'నాకు జర పొడుగే' అన్నప్పుడు ఆమె నా దిక్కు ఎందుకు చూసిందో అక్కడున్న వాళ్లలో నాకొక్కడికే అర్థమైంది. ఆమె నన్ను అడిగిందా? గుర్తుచేసిందా? లేక, నీకూ ఇది కష్టంగానే ఉంటుందిలే బిడ్డా అని నన్ను ఓదార్చిందా?

ఆ ఏడే బతుకమ్మ పండుగకు ముందు లచ్చమ్మ పోయింది. నాకు కబురు వచ్చింది. ట్రైనింగ్ ఉందని పోలేదు. ట్రైనింగ్ నిజంగానే ఉంది, సెలవు పెడితే ఇచ్చేవాళ్లు.

తర్వాతి జాతర వచ్చిన మాఘంలో, అంటే ఇంకో ఏడాదిన్నరకు, కొమురయ్య ఫోన్ చేశాడు. "సారూ, దేవునోన్ని తోల్కపోతున్న. మీరు రాకుంటే కాదు. ఇప్పుడు తినొచ్చని మీరు సెప్తేనే కోస్తం" అన్నాడు. తప్పించుకునే సాకు దొరకలేదు. పోయాను.

గట్టు కింద ఒక వేపచెట్టు నీడలో పొట్టేలును నిలబెట్టారు. ముసలిదైంది, కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. లచ్చమ్మ బొట్లు పెట్టిన గంపను కోడలు నెత్తిన పెట్టుకుంది. కొమురయ్య పసుపు నీళ్లు చల్లాడు. పొట్టేలు కదల్లేదు. మళ్లీ చల్లాడు. కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు గుసగుసలాడారు, ఆలస్యం చేసిన మొక్కు కదా, అలిగింది అని. మూడోసారి, నాలుగోసారి. కొమురయ్య వంగి దాని చెవిలో ఏదో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది. "లచ్చమ్మా, ఇగ ఇడిసెయ్యే" అన్నాడు. పొట్టేలు ఒళ్లంతా విదిలించింది. పసుపు నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి.

కోయకముందు అందరూ నన్ను చూశారు. నేను, గొప్ప డాక్టర్‌లా, దాని నోరు తెరిచాను. నాలుక పక్కకు తీసి గొంతులోకి తొంగి చూశాను. కంటికి కనపడేది ఏదీ ఉండదు అక్కడ, ఎవరికీ కనపడదు. తల ఊపాను. "పోయింది. తినొచ్చు" అన్నాను. మొదటి ముక్క నాకే పెట్టారు. పిల్లలు వరసగా కూర్చుని నా నోటి దిక్కు చూస్తున్నారు. నేను తిన్నాక వాళ్లు తిన్నారు.

ఆ ఏడే మా వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో 'సహకరించిన గొర్రెల కాపరులకు' అని ఒక ముక్క ఉంది. అది రాసింది నేనే. చాలా రోజుల తర్వాత, ఎవరూ అడక్కుండానే, పాత లెక్కలు తెరిచాను. దేవునోడు ఆ మాఘంలోనే గట్టెక్కి ఉంటే ఏమయ్యేదో చూద్దామని, జాతర తర్వాతి నమూనాలు తీసేసి మళ్లీ గీత గీశాను. పాతదాని మీద కొత్తది పెట్టాను. రెండు గీతలు కనపడలేదు. ఒక్కటే కనపడింది. కళ్లద్దాలు తుడుచుకుని, తెర మీద పెద్దది చేసి చూశాను. గీత మందం కన్నా తక్కువ జరిగింది. లెక్కలు చేయడం బాగానే నేర్చుకున్నాను, మనిషినే లెక్క చేయలేదు.

ఇన్నాళ్లూ ఊరుకున్నవాణ్ణి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న మహబూబ్‌నగర్ దిక్కు ఒక పని మీద పోయాను. అక్కడి కాపరులు ఎండాకాలం మందలు తోలుకుని నల్లగొండ దాకా వచ్చి పోతుంటారు. ఒకాయన మందలో గాలికుంటు ఉంది. మాటల్లో మాటగా అన్నాడు: "గీ బీమారొచ్చిన జీవాన్ని రెండేండ్ల దాక కొయ్యొద్దట సారూ. పిల్లలకు ఎక్కుతదట. మా జాతర మొక్కు గూడ ఆపినం."

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"తిరుమలగిరి దిక్కు గొల్లోళ్లు సెప్పిన్రు."

"అట్లాంటిదేం లేదన్నా. మనుషులకు అంటదది. కోసుకోవచ్చు, తినొచ్చు" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మీకు తెల్వది తియ్యున్రి" అన్నాడు. "మీకంటే పెద్ద సారు సెప్పిండట."

వాదించాను. డిగ్రీ చెప్పాను, ఉద్యోగం చెప్పాను. ఆయన బీడీ ముట్టించుకున్నాడు. ఆ పెద్ద సారు నేనేనని మాత్రం చెప్పలేకపోయాను. నోటి దాకా వచ్చింది, అంతే.

తిరిగి వస్తూ తిరుమలగిరిలో దిగి కొమురయ్యను వెతుక్కుంటూ పోయాను. చెబుదామనే పోయాను, నమ్మండి. మంద కొడుకు చూసుకుంటున్నాడు. ఆయన కళ్లకు శుక్లాలు, అయినా నా గొంతు గుర్తుపట్టాడు. టీ తెప్పించాడు. నేను మాట ఎట్లా మొదలుపెట్టాలా అని కప్పులోకి చూస్తున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

"మీరు మంచిగ సెప్పిన్రు సారూ ఆనాడు. మా ముసల్ది పోయెముందు గదే అన్నది. మొక్కు తీరకుంటే మానె, పిల్లలకు ఏం గాలే, గదొక్కటి సాలు నాకు అన్నది. గా మాట అనుకుంటనే పోయింది."

టీ తాగాను. బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు చెప్పండి. కాదు, చెప్పొద్దు, మీరు ఏది చెప్పినా నేను నాకు కావలసినట్టు తిప్పుకుంటాను. ఆయనకు నిజం చెబితే, ఆమె పట్టుకుని పోయిన ఆ ఒక్క మాట కూడా నేనే లాక్కున్నట్టు అవుతుంది. చెప్పకపోతే, మహబూబ్‌నగర్ దాకా మొక్కులు ఆగిపోతూనే ఉంటాయి, ఇంకెవరి ఇంట్లోనో ఇంకెవరో నవ్వుతూ 'జర పొడుగే' అంటుంటారు. ఆయన మీద జాలి అని నేను అంటున్నది నిజంగా జాలేనా? ఇది కూడా నియమం వెనక దాక్కోవడమేనా? తెలియడం లేదు. పశువుల మందల్లో తిరిగి కాపరులందరికీ అది అబద్ధమని చెప్పడం మొదలుపెట్టాను. కొందరు నమ్ముతున్నారు. ఎవరు పుట్టించారని అడిగితే మాత్రం ఇప్పటికీ తెలియదంటున్నాను.

మీకు చెప్పాను. ఇది రాస్తున్నప్పుడు రెండుసార్లు లేచి పోయాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. క్షమించమని అడగను. అడగవలసిన మనిషి మీరు కాదు, ఆమె లేదు. కానీ ఒక మాటను మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాయగలిగితే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. ఇదిగో, రాస్తున్నాను. చేతికి కొంచెం తేలికగానే ఉంది.

ఆ మాఘంలో ఆ పొట్టేలును గట్టు మీద కోసుకుని ఉంటే, లచ్చమ్మ తన గంపను తన నెత్తినే పెట్టుకుని గుడి చుట్టూ తిరిగి వచ్చేది. పిల్లలు కడుపునిండా తినేవాళ్లు. ఏ ఒక్కరికీ ఏమీ అయ్యేది కాదు. నాకు అప్పుడే తెలుసు.